గ్రాఫులో తగ్గిన అలసట కాళ్ళలో ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్ళు. మూడేళ్ళుగా సైకిల్ తొక్కుతున్నాను. ఎనిమిది నెలల క్రితం ఎడమ క్రాంకుకు (పెడల్‌ను పట్టి ఉంచే కమ్మీకి) పవర్ మీటర్ బిగించుకున్నాను, అది నా శ్రమను వాట్లలో చూపుతుంది. ఇంట్లో తొక్కడానికి స్మార్ట్ ట్రైనర్ కూడా ఉంది. ర్యాంప్ టెస్టు (వాట్లు మెట్లు మెట్లుగా పెంచుతూ ఇక చేతకానంతవరకు తొక్కే పరీక్ష) చివరి నిమిషంలో 320 వాట్లు రావడంతో సాఫ్ట్‌వేర్ నా ఎఫ్‌టీపీని, అంటే దాదాపు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ పవర్‌ను, 240 వాట్లుగా నిర్ణయించింది. పది వారాలుగా ఒక్క రోజు కూడా మానకుండా, రోజుకు సగటున 78 టీఎస్‌ఎస్ (శిక్షణ భారాన్ని చెప్పే అంకె) చొప్పున తొక్కుతున్నాను. సాఫ్ట్‌వేర్ గ్రాఫులో సీటీఎల్ (దీర్ఘకాలపు సగటు భారం, దాన్నే ఫిట్‌నెస్ అంటారు) 45 నుంచి 72కు చేరింది. రెండో వారం ముగిసేసరికి ఫామ్ (ఫిట్‌నెస్‌లోంచి అలసటను తీసేస్తే మిగిలేది) మైనస్ 19 చూపించింది. చిత్రమేమిటంటే ఆ రోజుల్లోనే నేను ఎప్పటికన్నా బాగా తొక్కాను. ఇప్పుడు మైనస్ 6 మాత్రమే చూపిస్తోంది, అంటే లెక్క ప్రకారం తేరుకున్నట్టే. కానీ 240 వాట్ల వద్ద 20 నిమిషాల ఇంటర్వెల్స్ (మధ్యలో విరామమిస్తూ గట్టిగా తొక్కే విడతలు) రెండు పెట్టుకుంటే రెండోది పూర్తి కావడం లేదు. ఎంత తొక్కినా గుండె వేగం మునుపటిలా పైకి పోవడం లేదు. నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. మూడు వారాల్లో 120 కిలోమీటర్ల పోటీ ఉంది. తప్పు గ్రాఫుదా, నాదా?

సమాధానం: మీ ఉత్తరంలో అంకెలు పూర్తిగా ఇచ్చారు కాబట్టి సమాధానం కొంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. గ్రాఫు లెక్క తప్పలేదు. మీ ఒంటి మాటా తప్పు కాదు. చిక్కంతా 'అలసట' అనే పేరులో ఉంది. సాఫ్ట్‌వేర్ ఆ పేరుతో గీసే గీత మీరు గత కొన్ని రోజుల్లో చేసిన పనికి ఒక రకమైన సగటు మాత్రమే. మీ అలసటను అక్కడ ఎవరూ కొలవలేదు. పవర్ మీటరుకు పెడల్ మీద పడిన బలం, క్రాంకు తిరిగిన వేగం తెలుస్తాయి. వాటి నుంచి వాట్లు వస్తాయి, వాట్ల నుంచి భారం వస్తుంది. ఆ భారాన్ని మీ ఒళ్ళు ఎలా మోసిందో అది చెప్పలేదు. మీరు రాసిన మైనస్ 19, మైనస్ 6 అంకెలలోనే దీనికి రుజువు దొరుకుతుంది. దాన్ని చూడాలంటే ముందు ఈ లెక్కలు ఎలా పుడతాయో కొద్దిగా తెలుసుకోవాలి.

మొదటి మెట్టు నార్మలైజ్డ్ పవర్, అంటే పవర్‌లోని హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకునే ఒక రకం సగటు. 2000ల తొలినాళ్ళలో అమెరికన్ వ్యాయామ శాస్త్రవేత్త ఆండ్రూ కోగన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ప్రతి 30 సెకన్ల కదిలే సగటును తీసుకుని, దాన్ని నాలుగో ఘాతానికి పెంచి, ఆ విలువలన్నిటి సగటుకు తిరిగి నాలుగో మూలం కడతారు. పది నిమిషాలు 100 వాట్లతో, పది నిమిషాలు 300 వాట్లతో తొక్కితే మామూలు సగటు 200 వాట్లే కాని, నార్మలైజ్డ్ పవర్ దాదాపు 253 వాట్లు వస్తుంది. పవర్ పెరిగేకొద్దీ రక్తంలో లాక్టేట్ (శ్రమలో కండరాల నుంచి వచ్చే పదార్థం) సూటిగా కాకుండా అంతకంతకూ నిటారుగా పెరుగుతుందన్న గమనింపు మీద ఈ నాలుగో ఘాతం నిలబడి ఉంది. ఈ సంఖ్యను మీ ఎఫ్‌టీపీతో భాగిస్తే ఇంటెన్సిటీ ఫ్యాక్టర్ వస్తుంది. ఆ ఫ్యాక్టర్ వర్గాన్ని గంటలతోనూ 100తోనూ గుణిస్తే వచ్చేదే టీఎస్‌ఎస్. ఎఫ్‌టీపీ వద్ద సరిగ్గా గంట తొక్కితే 100 రావాలి. కొలబద్ద అలా అమర్చారు.

కొలబద్దగా ఇది మంచిదే, నేనూ వాడతాను. కాని దీని పరిమితి ఒక చిన్న లెక్కతో బయటపడుతుంది. 0.75 తీవ్రతతో రెండు గంటలు తొక్కితే దాదాపు 112 వస్తుంది. 0.95 తీవ్రతతో గంటా పదిహేను నిమిషాలు తొక్కినా దాదాపు అంతే, 113. మొదటిది తొక్కిన మనిషి మర్నాడు మళ్ళీ అంతే హాయిగా తొక్కగలడు. రెండోది తొక్కినవాడికి మర్నాడు మెట్లు ఎక్కేటప్పుడే తొడలు గుర్తు చేస్తాయి. గ్రాఫుకు మాత్రం ఇవి రెండూ ఒకే చుక్క. టీఎస్‌ఎస్ ఎంత తీసుకున్నారన్నది తెలిసినా, ఎలాంటి పనితో తీసుకున్నారన్నది తెలియకపోతే భారం గురించి సగమే తెలిసినట్టు.

ఇక అసలు విషయం, గ్రాఫులోని మూడు గీతలు: ఫిట్‌నెస్ పేరుతో సీటీఎల్, అలసట పేరుతో ఏటీఎల్, ఈ రెంటి నుంచి పుట్టే ఫామ్. వీటి వెనుక ఉన్న ఆలోచన 1970ల మధ్య నాటిది. కెనడాలో పనిచేసిన ఎరిక్ బానిస్టర్, ఆయన సహచరులు ప్రతి శిక్షణా ఒంట్లో రెండు ప్రభావాలు వదులుతుందని ఊహించారు. మెల్లగా కరిగిపోయే మేలు ఒకటి, త్వరగా కరిగిపోయే అలసట మరొకటి. ఏ రోజైనా మన సామర్థ్యం ఈ రెంటి తేడా. ఈ నమూనాలో ఒక ముఖ్యమైన నియమం ఉండేది. మేలు ఎంత, అలసట ఎంత అన్న గుణకాలను ఆ క్రీడాకారుడి అసలు ఫలితాలతో సరిపోల్చి, ఆ మనిషికే ప్రత్యేకంగా రాబట్టాలి. కోగన్ దీన్ని సామాన్య సైక్లిస్టుకు అందుబాటులోకి తెచ్చేటప్పుడు ఆ గుణకాలను వదిలేసి, కాలావధులను మాత్రం ఉంచారు: సీటీఎల్‌కు 42 రోజులు, ఏటీఎల్‌కు 7 రోజులు. ఈ రెంటి తేడాకే ఫామ్ అని పేరు. వాడుకలో ఇదెంతో సులువైంది, కాని గుణకాలతో పాటు 'మీరు' కూడా లెక్కలోంచి జారిపోయారు. అదే 42, అదే 7, 22 ఏళ్ళ వృత్తి క్రీడాకారుడికీ, ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున తొక్కే 38 ఏళ్ళ మనిషికీ.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాం. సాఫ్ట్‌వేర్ ప్రతిరోజూ చేసేది చాలా సాదా పని. ఈ రోజు భారానికీ నిన్నటి సీటీఎల్‌కూ ఉన్న తేడాలో 42వ వంతును సీటీఎల్‌కు కలుపుతుంది, అలాగే ఏటీఎల్‌తో ఉన్న తేడాలో 7వ వంతును ఏటీఎల్‌కు కలుపుతుంది. మీరు 45 దగ్గర నిలకడగా ఉండి ఒక్కసారిగా రోజుకు 78కి పెంచారు. మొదటి రోజు సీటీఎల్ ఒక పాయింటు కన్నా తక్కువే పెరిగింది, ఏటీఎల్ మాత్రం దాదాపు అయిదు పాయింట్లు ఎగసింది. ఈ దూరం పెరుగుతూ పోయి రెండు వారాల దగ్గర గరిష్ఠమవుతుంది. అప్పటికి ఏటీఎల్ 74, సీటీఎల్ 55 దగ్గర ఉంటాయి కాబట్టి ఫామ్ మైనస్ 19. మీరు రాసిన అంకె సరిగ్గా అదే. ఆ తరువాత ఏటీఎల్ 78 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే మీ రోజువారీ భారమే అది. సీటీఎల్ మాత్రం వెనుక నుంచి మెల్లగా ఎక్కుతూ వస్తుంది. 70వ రోజుకు అది 72ను చేరుతుంది. తేడా మైనస్ 6.

ఇందులో ఏం జరిగిందో గమనించారా? 15వ రోజు నుంచి 70వ రోజు దాకా మీరు ఒక్క రోజు విశ్రాంతి తీసుకోలేదు, భారం ఒక్క పాయింటు తగ్గించలేదు, అయినా గ్రాఫు మిమ్మల్ని మైనస్ 19 నుంచి మైనస్ 6కు 'తేర్చేసింది'. ఇలాగే ఇంకో ఆరు నెలలు తొక్కితే రెండు గీతలూ 78 దగ్గర కలిసిపోయి ఫామ్ సున్నా అవుతుంది. రోజూ తొక్కుతూ, ఎన్నడూ ఆగకుండా, అలసట లేని మనిషిగా మీరు లెక్కకు వస్తారు. ఎందుకంటే చేసిన పనంతా ఒంటికి పట్టిందనీ, నిద్ర, తిండి, మనశ్శాంతి అన్నీ సమకూరాయనీ ఈ లెక్క ముందే ఒప్పుకుంటుంది. పని ఒంటికి పట్టకపోతే ఏమవుతుందో చెప్పే మార్గం దాని దగ్గర లేదు. ఫామ్ పెరుగుతున్నప్పుడు అది రెండు కారణాల్లో దేనివల్ల పెరిగిందో చూడాలి. ఏటీఎల్ దిగి పెరిగితే మీరు నిజంగా భారం తగ్గించారని అర్థం. సీటీఎల్ ఎక్కి పెరిగితే, మీరు అలవాటు పడ్డారని సాఫ్ట్‌వేర్ అనుకుంటోందని మాత్రమే అర్థం. మీది రెండోది.

రెండో వారంలో మైనస్ 19తో బాగా తొక్కడంలోనూ వింత లేదు. అప్పటికి మీరు తాజా ఒంటితో కేవలం రెండు వారాల అదనపు పని చేశారు. ఇప్పుడు పది వారాలది మోస్తున్నారు. ఫామ్ అంకెకు ఈ పోగుబడిన చరిత్ర కనబడదు. ఏడు రోజుల కాలావధి ఉన్న సగటుకు రెండు నెలల కిందటి సంగతి దాదాపు గుర్తుండదు.

అయితే మీ ఇంటర్వెల్ విఫలం కావడానికి అలసట ఒక్కటే కారణమని తేల్చేముందు మరో అనుమానం తీర్చుకోవాలి. ర్యాంప్ టెస్టు చివరి నిమిషపు పవర్‌లో 75 శాతాన్ని ఎఫ్‌టీపీగా తీసుకుంటుంది, మీ 320కి 240 అలా వచ్చింది. చిన్న చిన్న దూకుడు ప్రయత్నాల్లో బలంగా ఉండేవారికి ఈ పద్ధతి ఎఫ్‌టీపీని ఎక్కువ చేసి చూపుతుంది. ఒకవేళ మీ అసలు హద్దు 225 అనుకుందాం. టీఎస్‌ఎస్ లెక్కలో ఎఫ్‌టీపీ వర్గంతో భాగిస్తాం కాబట్టి, మీరు వారానికి 546 (రోజుకు 78) అనుకున్నది నిజానికి 620 పైనే. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంటర్వెల్స్ మీద పడుతుంది. 1965లో మోనో, షెరర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు క్రిటికల్ పవర్ భావనను ప్రతిపాదించారు. దాని ప్రకారం ఒక హద్దు దాటి చేసే పనికి ఒంట్లో పరిమితమైన నిల్వ ఉంటుంది. చాలామంది సైక్లిస్టుల్లో అది సుమారు 10 నుంచి 25 కిలోజౌళ్ళు. హద్దు 225 అయినప్పుడు 240 వాట్లతో 20 నిమిషాలు తొక్కితే, సెకనుకు 15 జౌళ్ళ చొప్పున 18 కిలోజౌళ్ళు ఖర్చవుతాయి. అంటే మొదటి ఇంటర్వెల్‌లోనే ఖజానా దాదాపు ఖాళీ, రెండోది సగంలో ఆగిపోవడం సహజం.

ఈ రెండు కారణాల్లో మీది ఏదో విడదీయడానికి మీ ఉత్తరంలోనే ఆధారం ఉంది. ఎఫ్‌టీపీ ఎక్కువగా పెట్టుకున్న మనిషి ఇంటర్వెల్ ఓడిపోయేటప్పుడు గుండె వేగం పైకి దూసుకుపోతుంది, ఊపిరి అందదు. మీకు గుండె వేగం పైకి పోవడమే లేదు, కాళ్ళు మాత్రం ముందే చేతులెత్తేస్తున్నాయి. కూడబెట్టుకున్న అలసటకు ఇది బాగా తెలిసిన గుర్తు. దీనికి తోడు మీ పాత రికార్డులు తీసి చూడండి: మూడో వారంలో ఇదే 240 వద్ద రెండు ఇంటర్వెల్స్ పూర్తి చేసి ఉంటే ఎఫ్‌టీపీ మీద అనుమానం దాదాపు తొలగిపోయినట్టే. ఏ వారంలోనూ పూర్తి చేయలేదంటే రెండు సమస్యలూ కలిసి ఉన్నాయి. నా అంచనా, ప్రధానమైనది అలసటే.

పరికరాల గురించి క్లుప్తంగా రెండు మాటలు. ఎడమ క్రాంకు మీటరు ఎడమ కాలి బలాన్ని కొలిచి రెట్టింపు చేస్తుంది. అలసినప్పుడు రెండు కాళ్ళ వాటా మారితే అది మీకు తెలియదు. మీ స్మార్ట్ ట్రైనర్, క్రాంకు మీటరు ఒకే ప్రయత్నానికి వేర్వేరు అంకెలు చూపవచ్చు. ట్రైనర్ 5 శాతం తక్కువ చూపితే టీఎస్‌ఎస్ దాదాపు 10 శాతం తక్కువ నమోదవుతుంది. ఒకసారి రెంటినీ ఒకే రైడులో రికార్డు చేసి, తేడా ఎంతో చూసుకుని, వీలైతే ట్రైనర్ మీద కూడా క్రాంకు మీటరు అంకెనే లెక్కకు తీసుకోండి. తొక్కే ముందు, సైకిల్ బయటి ఉష్ణోగ్రతకు అలవాటు పడ్డాక, జీరో ఆఫ్‌సెట్ చేసుకోండి, అంటే బలం లేనప్పుడు మీటరు సున్నా చూపేలా సరిచేయండి. ఇక ఎఫ్‌టీపీ మీద నమ్మకం కుదిరేదాకా కిలోజౌళ్ళను కూడా పక్కన రాసుకోండి. వాటి లెక్కలో ఎఫ్‌టీపీ లేదు కాబట్టి, అది తప్పయినా కిలోజౌళ్ళ లెక్క చెడదు. పైగా మన కండరాల సామర్థ్యం సుమారు 20 నుంచి 25 శాతం కావడం వల్ల, పెడల్ మీద చేసిన ఒక్కో కిలోజౌలుకు ఒంట్లో దాదాపు ఒక్కో కిలోక్యాలరీ ఖర్చవుతుంది. పది వారాలుగా పెరిగిన పనికి తగినట్టు తిండి పెంచారా లేదా అన్నది అక్కడే తేలుతుంది. ఈ ప్రశ్న చాలామంది వేసుకోరు. తిండి చాలని అలసట, శిక్షణ ఎక్కువైన అలసట చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టిన మాట 'ఒక్క రోజు కూడా మానకుండా'. అమెరికన్ వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ 1998లో శిక్షణ ఏకరూపతను కొలిచే ఒక సులువైన లెక్క చెప్పారు. వారంలోని రోజువారీ భారాల సగటును వాటి ప్రామాణిక విచలనంతో (అవి సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెతో) భాగించాలి. రోజులన్నీ ఒకేలా ఉంటే విచలనం చిన్నదై ఫలితం పెద్దదవుతుంది. 2 దాటితే జాగ్రత్త పడాలన్నది వాడుక. ఆయన ఈ లెక్కను మనిషి చెప్పిన శ్రమ అంకెలతో చేశారు, మనం టీఎస్‌ఎస్‌తో చేసినా చిత్రం అర్థమవుతుంది. మీ వారం 80, 75, 90, 70, 85, 90, 56 లాంటిదైతే మొత్తం 546, ఏకరూపత దాదాపు 7. అదే 546ను 0, 110, 40, 120, 0, 160, 116గా పంచితే ఏకరూపత 1.3 మాత్రమే. సీటీఎల్ గీతకు ఈ రెండు వారాలూ దాదాపు ఒకటే. ఒంటికి మాత్రం రెండో వారంలో రెండుసార్లు ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది, కష్టమైన రోజు నిజంగా కష్టంగానూ, తేలికైన రోజు నిజంగా తేలికగానూ ఉంటుంది. రోజూ మధ్యస్థంగా అలసిపోయేవాడు ఏ రోజూ పూర్తి బలంతో తొక్కలేడు, ఏ రోజూ పూర్తిగా తేరుకోలేడు. నేనూ ఒక ఏడాది సీటీఎల్‌ను మూడంకెలకు చేర్చాలన్న పంతంతో ఇలాగే రోజులు నింపాను. గీత చేరాల్సిన చోటికి చేరిన వారంలోనే నేను మంచం పట్టాను.

మరి అలసటను కొలిచేదెలా? పవర్ డేటాతోనే కొలవవచ్చు, అయితే పవర్‌ను ఒంటరిగా వదలకుండా దాని పక్కన ఒంటి ప్రతిస్పందనను నిలబెట్టాలి. నేను అన్నిటికన్నా ముందు సూచించేది స్థిరమైన వార్మప్. వారానికి రెండుసార్లు, ఒకే సమయంలో, వీలైతే ట్రైనర్ మీద ఫ్యాను వేసుకుని, పది నిమిషాలు తేలిగ్గా తొక్కి, తరువాత పది నిమిషాలు 145 వాట్ల వద్ద, అయిదు నిమిషాలు 200 వాట్ల వద్ద తొక్కండి. ప్రతి మెట్టు చివరి నిమిషంలో గుండె వేగం ఎంత, శ్రమ పదిలో ఎంత అనిపించింది అన్న రెండు అంకెలు రాసుకోండి. ఆపిన తరువాత నిమిషంన్నరలో గుండె వేగం ఎంత తగ్గిందో అది కూడా రాసుకోండి.

ఈ రెండు అంకెలను కలిపి చదవడంలోనే కిటుకు ఉంది. అదే 200 వాట్లకు గుండె వేగం తగ్గి, శ్రమ కూడా తక్కువనిపిస్తే ఫిట్‌నెస్ పెరిగింది. గుండె వేగం తగ్గి, శ్రమ మాత్రం ఎక్కువనిపిస్తే అది అలసట. గుండె వేగం ఒక్కదాన్నే చూసేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. భారం మితిమీరినప్పుడు గుండె వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, కాని ఓర్పు క్రీడల్లో అది తరచు తగ్గుతుంది. దాన్ని మెరుగుదలగా పొరబడి ఇంకా భారం పెంచుకుంటారు. దక్షిణాఫ్రికా పరిశోధకులు రాబర్ట్ లాంబర్ట్స్, మైఖేల్ లాంబర్ట్ రూపొందించిన ఉపగరిష్ఠ (పూర్తి బలం దాకా పోని) సైక్లింగ్ పరీక్ష ఇదే సూత్రం మీద నడుస్తుంది. అందులో వాట్లకు బదులు గుండె వేగాన్ని స్థిరంగా ఉంచుతారు: గరిష్ఠ వేగంలో 60 శాతం వద్ద ఆరు నిమిషాలు, 80 శాతం వద్ద ఆరు నిమిషాలు, 90 శాతం వద్ద మూడు నిమిషాలు, ఆపై తొంభై సెకన్ల విరామం. చివరి మెట్టులో అదే గుండె వేగానికి వాట్లు పెరిగి, శ్రమ కూడా పెరిగినట్టనిపిస్తే సంబరపడకూడదు. గుండె పైకి రావడం లేదు కాబట్టి అక్కడికి చేరడానికి మీరు ఎక్కువ వాట్లు పెట్టాల్సి వస్తోందని దాని అర్థం.

పొడవైన రైడ్లలో ఇంకో కొలత పనికొస్తుంది. నిలకడగా తొక్కిన భాగాన్ని రెండు సగాలు చేసి, ప్రతి సగంలో సగటు పవర్‌ను సగటు గుండె వేగంతో భాగించండి. మొదటి సగంలో 170 వాట్లకు 130, రెండో సగంలో అదే 170 వాట్లకు 139 ఉంటే నిష్పత్తి దాదాపు 6.5 శాతం జారింది. 5 శాతం లోపు ఉంటే ఆ తీవ్రతను ఆ వ్యవధి పాటు ఒళ్ళు బాగా మోసిందని సామాన్యంగా చెబుతారు. వేడి, నీరు తక్కువ తాగడం కూడా ఈ జారుడును పెంచుతాయి కాబట్టి, ఒకే వాతావరణంలో చేసిన రైడ్లనే పోల్చాలి.

వీటికన్నా చవకైన కొలత మీరు చెప్పే మాటే. రైడు ముగిసిన అరగంట తరువాత, అది మొత్తంగా పదిలో ఎంత కష్టం అనిపించిందో రాసి, నిమిషాలతో గుణించండి. ఇదీ ఫాస్టర్ పద్ధతే. దాన్ని టీఎస్‌ఎస్ పక్కన పెట్టి చూస్తే, మామూలుగా ఈ రెండూ కలిసి నడుస్తాయి. అదే టీఎస్‌ఎస్‌కు మీ అంకె వారం వారం పెరుగుతోందంటే ఒళ్ళు ధర పెంచేసిందన్నమాట. నిద్ర, కాళ్ళ నొప్పి, మూడ్ ఈ మూటికీ రోజూ ఉదయం ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయడం చిన్నపిల్లల ఆటలా అనిపించవచ్చు. కానీ 2016లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష, ఇలాంటి స్వీయ నివేదికలు శిక్షణ భారంలో మార్పులను రక్త పరీక్షల వంటి సాధారణ కొలతలకన్నా మెరుగ్గా, నిలకడగా పట్టిస్తాయని తేల్చింది. హెచ్‌ఆర్‌వీ (గుండె కొట్టుకునే వ్యవధుల్లోని హెచ్చుతగ్గులు) చూసే అలవాటుంటే ఏ ఒక్క ఉదయం అంకెనూ పట్టించుకోకండి, ఏడు రోజుల సగటు ఎటు పోతోందో మాత్రమే చూడండి.

ఇక మూడు వారాల సంగతి. మొదటి వారం పూర్తిగా తేరుకోవడానికే ఇవ్వండి. రెండు రోజులు సైకిల్ ముట్టవద్దు. తరువాత మూడు రోజులు గంట చొప్పున, 130 వాట్లు దాటకుండా, తేలిక గేరులో తిప్పండి. ఆరో రోజు పైన చెప్పిన స్థిర వార్మప్ చేసి, బాగుందనిపిస్తే పది సెకన్ల స్ప్రింట్లు రెండు మూడు వేయండి. ఏడో రోజు మళ్ళీ విశ్రాంతి. ఈ వారం మొత్తం 125 చుట్టూ వస్తుంది. సీటీఎల్ 72 నుంచి దాదాపు 64కు, ఏటీఎల్ 40కి దిగుతాయి. పది వారాల కష్టంలో ఎనిమిది పాయింట్లు వారంలో పోయాయని గుండె గుభేలుమంటుంది. అది సగటు దిగడం మాత్రమే. వారం రోజుల విశ్రాంతితో కండరాల్లో, గుండెలో వచ్చిన మార్పులు అంత వేగంగా కరిగిపోవు.

ఆరో రోజు 200 వాట్లకు శ్రమ తగ్గి, గుండె వేగం మునుపటి చోటికి వచ్చి ఉంటే మీది తాత్కాలికమైన అతిభారమే. అప్పుడు రెండో వారం 350 దగ్గర ఉంచి, 0, 70, 30, 90, 0, 120, 40 లాగా ఎగుడుదిగుడుగా పంచండి. 120 రోజు పొడవైన, నెమ్మదైన రైడు, 90 రోజు ఇంటర్వెల్స్. ఇంటర్వెల్స్‌ను 20 నిమిషాల నుంచి 8 నిమిషాలకు కుదించి, 230 వాట్లతో మొదలుపెట్టండి. మూడో వారం పోటీని మినహాయించి 230 దాటకండి. పోటీకి ముందు భారం తగ్గించడం మీద 2007లో వచ్చిన విశ్లేషణ, దాదాపు రెండు వారాల పాటు మొత్తం పనిని 41 నుంచి 60 శాతం తగ్గించి, తీవ్రతనూ తొక్కే రోజుల సంఖ్యనూ నిలుపుకోవడం మేలైన ఫలితమిచ్చిందని చూపింది. కాబట్టి చివరి వారంలో రైడ్లు పొట్టివి కావాలి, వాటిలో రెండు మూడు నిమిషాల గట్టి ప్రయత్నాలు మాత్రం ఉండాలి.

ఆరో రోజు పరిస్థితి మారకపోతే రెండో వారాన్ని కూడా మొదటి వారంలాగే గడపండి, పోటీని ఫలితం కోసం కాకుండా పూర్తి చేయడానికే పెట్టుకోండి, లేదా వదులుకోండి. తాత్కాలిక అతిభారం రోజుల్లో, కొద్ది వారాల్లో తీరుతుంది. దాన్ని పట్టించుకోకుండా తొక్కితే వారాల నుంచి నెలల దాకా పట్టే దశకు చేరుతుంది. రెండు వారాల నిజమైన విశ్రాంతి తరువాత కూడా నిద్ర, ఉత్సాహం, కాళ్ళు తిరిగి రాకపోతే వైద్యుణ్ని కలవండి. రక్తహీనత, థైరాయిడ్, బయటపడని ఇన్‌ఫెక్షన్ వంటివన్నీ ఇదే ముఖంతో కనబడతాయి. తొక్కేటప్పుడు ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్ళు తిరగడం ఉంటే రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే చూపించుకోండి.

కొత్త ఎఫ్‌టీపీ పరీక్ష మాత్రం ఈ మూడు వారాల్లో పెట్టుకోకండి. అలసిన ఒంటితో వచ్చే అంకె మీ హద్దును తక్కువగా చూపి, రాబోయే నెలల టీఎస్‌ఎస్ అంతటినీ ఎక్కువ చేసి రాస్తుంది. పోటీ ముగిసిన పది రోజుల తరువాత, కాళ్ళు తేలికగా ఉన్న ఉదయం, ర్యాంపుకు బదులు 20 నిమిషాల పరీక్ష చేయండి. దానికి ముందు అయిదు నిమిషాల పూర్తి ప్రయత్నం మరవకండి. ఆ అయిదు నిమిషాలు దూకుడు బలాన్ని ముందే ఖర్చు చేయిస్తాయి కాబట్టే, తరువాతి 20 నిమిషాల సగటులో 95 శాతాన్ని ఎఫ్‌టీపీగా తీసుకోవడం న్యాయమవుతుంది. అది 225 వస్తే సాఫ్ట్‌వేర్‌లో ఆ తేదీ నుంచి అదే నమోదు చేసి, స్థిర వార్మప్ వాట్లను మాత్రం మార్చకుండా 145, 200గానే కొనసాగించండి. పాత అంకెలతో పోల్చుకోవాలంటే అవి కదలకూడదు.